టిఫిన్ డబ్బాలో ఆకు

బాబాయి పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను చేనికి వెళ్ళడానికి చెప్పులు వేసుకుంటున్నాను. అప్పుడప్పుడే వెలుగు వస్తోంది. చేసింది బాపట్లలో ఆయన పక్కింటాయన. తెల్లవారుజామున నమాజుకి లేపబోతే లేవలేదట, నిద్రలోనే పోయారమ్మా అన్నాడు. ఆ తర్వాత నాకు మొదట వచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే మాత్రం ఇదంతా అబద్ధమవుతుంది. అయ్యో, నా ఆకు ఆయన డబ్బాలో ఉండిపోయిందే అనుకున్నాను.

ఆ ఆకు ముందురోజు సాయంత్రం నేను తీసుకెళ్ళి ఇచ్చిందే. బాపట్ల నుంచి సూర్యలంక వెళ్ళే దారిలో మాకు అర ఎకరం ఇసుక నేల ఉంది. ఈసారి అందులో ఖర్బూజా వేశాం. కాయల తొక్క మీద వలలా గీతలు అల్లుకుంటున్నాయి, ఇంకో పదిహేను రోజుల్లో కోతకొస్తాయి. సరిగ్గా అప్పుడే కింది ఆకుల మీద పసుపు మచ్చలు లేచాయి. ఈ దశలో ఆకు పోతే కాయకి తీపి పట్టదు. చప్పటి ఖర్బూజాని తెనాలి మార్కెట్లో వాసన చూసి పక్కన పెట్టేస్తారు. ఆ మచ్చలు బూజు తెగులువా, బూడిద తెగులుకి మొదలా, లేకపోతే ఆకు ముదిరి పసుపెక్కిందా అన్నది తేలాలి. మూడింటికీ మూడు దారులు. దారి తప్పితే ఏమవుతుందో నాకు ఒకసారి బాగా తెలిసొచ్చింది. పైగా ఆ వారం మంచు పడలేదు, అంతా పొడిగాలి. పొద్దున్నే ఆకు తిరగేసి చూసినా అడుగున ఏమీ కనపడలేదు.

బాబాయి ఆకుని భూతద్దంతో చూసి, స్టీలు టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ పరిచి, దాని మీద బోర్లా పెట్టాడు. పెడుతూ, నువ్వేమనుకుంటున్నావమ్మా అని అడిగాడు. నాకేం తెలుసు బాబాయ్, మీరే చెప్పండి అన్నాను. ఎనిమిదేళ్ళుగా అదే మాట అంటున్నాను. ఆయన మూత పెట్టి నా వంక చూశాడు.

"రేపు డబ్బా నువ్వే తెరువు. నేను పక్కన కూర్చుంటా."

అవే ఆయన నాతో అన్న చివరి మాటలు.

బాబాయి అంటే మా నాన్న తమ్ముడు కాదు. ఆయనది బాపట్లలో స్థిరపడిన సాయిబుల కుటుంబం, మాది వ్యవసాయం. వరసలు కలుపుకోవడం మా వైపు అలవాటు. అసలు మొదటిరోజు నేను ఆయన్ని సార్ అన్నాను. ఆయన వెంటనే సరిదిద్దాడు. "నేను సార్‌ని కాదమ్మా. సార్లకి గాజు గిన్నెలు కడిగిపెట్టినవాణ్ణి" అన్నాడు. అది నిజమే. మొక్కల తెగుళ్ళు పరీక్షించే ఒక ల్యాబులో ఆయన అటెండరుగా చేరి అటెండరుగానే రిటైరయ్యాడు. చదివింది ఏడో తరగతి. ముప్పై ఏళ్ళు సార్లు ఆకుల్ని చూస్తుంటే పక్కన నిలబడి తనూ చూశాడు. ఆ ముప్పై ఏళ్ళ చూపు ఆయనతో పాటే రిటైరై ఇంటికి వచ్చేసింది.

నా మొదటి ఖర్బూజా పంటకి నేను చేసిన నిర్వాకం చెప్పాలి. ఇలాగే ఆకుల మీద పసుపు మచ్చలొచ్చాయి. పురుగుమందుల కొట్టుకి ఫోన్ చేసి, ఆకులు ఏదోలా ఉన్నాయి, ఏదో ఒకటి పంపించండి అన్నాను. ఆకుల మీద తెలుపేమైనా ఉందా అని కొట్టాయన అడిగాడు. దుమ్ము కూడా తెల్లగానే ఉంటుంది కాబట్టి ఉందన్నాను. బూడిద తెగులై ఉంటుందని గంధకం పంపించాడు. తప్పు ఆయనదని నేననను, చూడకుండా చెప్పింది నేను. ఆ గంధకాన్ని తెచ్చి, మంచి ఎండలో, మిట్టమధ్యాహ్నం కొట్టించాను. మా ఆయన సాయంత్రం దాకా ఆగుదామన్నాడు. నేను వినలేదు. వినే అలవాటు నాకు అప్పట్లో తక్కువ. మూడోనాడు చూసేసరికి ఆకుల అంచులు పెనం మీద అట్టు మాడినట్టు మాడిపోయాయి. తెగులు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

అప్పుడెవరో బాపట్లలో ఒకాయన ఉన్నాడని చెబితే, గుప్పెడు ఆకులు కోసి ప్లాస్టిక్ కవర్లో వేసుకుని, బస్సులో పడి వెళ్ళాను. ఆయన కవరు విప్పి లోపలికి తొంగి చూశాడు. ఆకులన్నీ చెమట పట్టి, మెత్తబడి ఉన్నాయి.

"ఇవి ఉడికిపోయినయ్యమ్మా. కూరకైతే పనికొస్తయ్యేమో. రేపు పొద్దున మంచు ఆరకముందే కోసి, పేపర్లో చుట్టి తీసుకురా."

నాకు ఒళ్ళు మండిపోయింది. చేను అక్కడ మాడిపోతుంటే ఈయనకి పరాచికాలు! ఇంకెప్పుడూ ఈ గడప తొక్కనని పైకి అనకపోయినా గట్టిగానే అనుకుంటూ వచ్చేశాను. మర్నాడు పొద్దున పేపర్లో ఆకులు చుట్టుకుని మళ్ళీ ఆ గడపే తొక్కాను, వేరే దిక్కు లేదు మరి.

ఆ రోజు ఆయన ఆకు పైభాగం చూడనేలేదు. ముందు తిరగేశాడు. వెలుతురుకి పట్టుకుని నన్ను దగ్గరికి రమ్మన్నాడు. ఈనెలు చూపించి, ఇవి గట్లు అనుకో అన్నాడు. ఈనెకీ ఈనెకీ మధ్య ఉన్న ముక్క మడి. బూజు తెగులు మచ్చ మడిలో నీళ్ళలా నిలబడుతుంది, గట్టు దాటదు. అందుకే మచ్చకి మూలలుంటాయి, పలకలుగా కనిపిస్తుంది. పైన పసుపు, సరిగ్గా దాని అడుగున బూడిదరంగు నూగు, కాస్త ఊదా కలిసినట్టు. అదీ తేమగా ఉన్న పొద్దుటిపూటే బాగా కనపడుతుంది. బూడిద తెగులు అలా కాదు. దానికి గట్లతో పనిలేదు. ఎక్కువగా ఆకు పైనే, పిండి చల్లినట్టు గుండ్రంగా మొదలై ఆకంతా పరుచుకుంటుంది. దానికి మంచుతో తడిసిన ఆకు కూడా అక్కర్లేదు. ఇవేవీ నాకు పుస్తకంలో చదివి వచ్చినవి కావు. తెనాలిలో ఇంటర్ చదివిన రెండేళ్ళూ ఆకు బొమ్మలు గీసి భాగాలు గుర్తించాను గానీ, ఆకుని తిరగేసి చూడాలని నాకు ఒక్కరోజూ తట్టలేదు.

అంతా చెప్పి, మందు పేరు మాత్రం చెప్పలేదు. రెండు ఆకులు డబ్బాలో పెట్టి, రేపు పొద్దున రామ్మా అన్నాడు. చూస్తే తెలుస్తోంది కదా, మళ్ళీ రేపేంటండి అన్నాను. కనపడేది ఒకటి, లోపల ఉండేది రెండూ కావచ్చు అన్నాడు. ఊరికే పంపలేదు. ఆ సాయంత్రం చేయాల్సిన పనులు చెప్పాడు. నేలకి ఆనిన కింది ఆకులు తీసేసి గోనెసంచిలో వేసి చేను బయట పూడ్చెయ్యాలి. సాయంత్రం నీటి తడి ఆపి, పొద్దున పెట్టాలి, రాత్రికి ఆకు పొడిగా ఉండేలా చూడాలి. మంచు ఆరకముందు తీగల మధ్య తిరగకూడదు. ముందు బాగున్న వరసల్లో పని ముగించుకుని, జబ్బు వరసలకి ఆఖర్న వెళ్ళాలి. నేను రోజూ చేస్తున్నది సరిగ్గా తిరగబడి ఉంది. పొద్దున లేవగానే బెంగకొద్దీ జబ్బు వరస దగ్గరికే పరిగెత్తి, అదే చేతుల్తో, అదే చీర కుచ్చిళ్ళతో మిగతా చేనంతా తిరిగేదాన్ని. తెగుల్ని ఇంటింటికీ పిలుపులకి తీసుకెళ్ళినట్టే అయింది. మర్నాడు డబ్బాలో తేలింది బూజు తెగులే.

ఆ డబ్బాకి ఒక కథ ఉంది. ల్యాబులో అయితే ఆకుని గాజు పళ్ళెంలో తడి కాగితం మీద పెట్టి మూతేస్తారు, ఆకు లోపల బూజు దాగి ఉంటే ఆ తేమకి రాత్రికి రాత్రి నూగై బయటపడుతుంది. ఒకరోజు పళ్ళేలన్నీ నిండిపోయి, ఎవరో రైతు ఆకు మిగిలిపోయిందట. బాబాయి తన అన్నం డబ్బా కడిగి, చేతిరుమాలు తడిపి అందులో పరిచి, ఆకు పెట్టాడు. సార్లు నవ్వారు. పొద్దున మూత తీస్తే పళ్ళేల్లో వచ్చినట్టే నూగు వచ్చింది. ఇక ఆ డబ్బాలో అన్నం పెట్టనని పిన్ని అదే రోజు తేల్చి చెప్పేసింది. పిన్ని అంటే బాబాయి భార్య. తెగుళ్ళు తిన్న గిన్నెలో మనుషులు తింటారా అనేది ఆవిడ వాదన.

డబ్బాతో పాటు ఒక చీటీ ఉండేది. ఎవరి చేను, ఏ వరస, ఆకు తీగ మొదట్లోదా చివర్లోదా, తడి ఎప్పుడు పెట్టారు, కిందటిసారి ఏం మందు కొట్టారు, ఇవన్నీ అడిగి రాసేవాడు. కిందటిసారి కొట్టిన మందే వరసగా మళ్ళీ కొడితే తెగులు దానికి అలవాటు పడిపోతుందని ఆయన బాధ. చీటీలో చివరి గీత దగ్గర 'తెగులు' అని రాసి ఖాళీ వదిలేవాడు. ఆ ఖాళీ ఏనాడూ సాయంత్రం నిండలేదు. కొట్టుకెళితే నిమిషంలో మందిస్తారు, ఈయన దగ్గర ఒక పూట పోతుంది అని విసుక్కునేవాళ్ళు మా ఊళ్ళో చాలామందే. నేనూ విసుక్కున్నాను. ఆ ఒక్క పూటలో తప్పు మందు కొట్టకుండా ఆగామన్న సంగతి మాకు ఎప్పటికోగానీ బుర్రకెక్కలేదు.

ఈమధ్య కుర్రరైతులు ఆయనకి ఆకుల ఫోటోలు పంపేవాళ్ళు. ఎంత బాగా తీసేవాళ్ళో! ఒక్కొక్కటీ క్యాలెండరు బొమ్మలా ఉండేది. అన్నీ ఆకు పైభాగాలే. ఆయనకి టైపు చేయడం రాదు. మైకు బొమ్మ నొక్కి, "తిరగెయ్యండయ్యా" అని ఒక్క ముక్క పంపేవాడు. ఆయన ఫోన్ నుంచి వెళ్ళిన మెసేజీలన్నీ వరసగా వింటే ఆ ఒక్క ముక్కే వినపడుతుందని పిన్ని నవ్వేది.

ఆయనలో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించిన గుణం ఏంటో ఒక సంగతి చెబితే మీకే తెలుస్తుంది. ఇది పిన్ని నాతో చెప్పింది. రేపల్లె అవతల ఏటి పక్కన కీరా దోస వేసిన ఒక రైతు బస్సులు మారి ఆకు తెచ్చి ఇచ్చి, పొద్దున ఫోన్ చేస్తానని వెళ్ళాడు. మర్నాడు పండగ. పిన్ని తెల్లవారకముందే లేచి ఇంట్లో గిన్నెలన్నీ తోమేసింది, ఆ డబ్బాతో సహా. ఆకు కాలవలో కొట్టుకుపోయింది. రైతు ఫోన్ చేశాడు. బాబాయి ముందురోజు భూతద్దంతో ఆకు చూసే ఉన్నాడు. నూటికి తొంభైపాళ్ళు అది బూజు తెగులే అని పిన్నితో అన్నాడు కూడా. అదే ఆ రైతుకీ చెప్పేసి ఉంటే సరిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆయన ఫోన్లో, మీ ఆకు మా ఇంట్లో పోయిందండి, తప్పు మాది, తెగులేదో నాకు తెలియదు, నేనే వస్తున్నాను అన్నాడు. పండగ నమాజు చేసుకుని, ఇంత సేమియా నోట్లో వేసుకుని రేపల్లె బస్సెక్కాడు. ఆ రాత్రి ఆ రైతింట్లో పడుకుని, పొద్దున మంచులో ఆయనతో కలిసి చేలోకి దిగి, ఆకు తిరగేసి చూసి, అప్పుడు చెప్పాడు.

"నన్ను ఒక్క మాట అనలేదమ్మా. అన్నా బాగుండేది" అంది పిన్ని ఈ సంగతి చెప్పినప్పుడు. ఆ తర్వాత ఆవిడే మనవరాలి దగ్గర నెయిల్ పాలిష్ తీసుకుని, డబ్బా మూత మీద ఎర్రచుక్క పెట్టింది, మళ్ళీ పొరపాటున తోమకుండా.

ఎవరి చేలో దిగినా ఆయన ముందు గట్టు మీద కాళ్ళు కడుక్కునేవాడు. గుళ్ళోకి పోతున్నారా ఏంటండి అని మా ఆయన ఒకసారి ఆటపట్టించాడు. పక్క చేలో తిరిగొచ్చాను కదా నాయనా, వాళ్ళ తెగులు మీకెందుకు అన్నాడు. పైజామా అంచులు రెండు మడతలు పెట్టి, తీగల మధ్య ఒక్క తీగా తొక్కకుండా, ఆ వయసులో గొంతుకూర్చుని కూర్చునే జరుగుతూ పోయేవాడు. మందు కొట్టేవాళ్ళ వెనకే నడిచి, పైన తడిపి ఏం లాభం, జబ్బున్నది కిందే కదా అని గొట్టం మూతి పైకి తిప్పించేవాడు. మందు కొట్టాక ఎన్ని రోజులు కాయ కోయకూడదో మూడుసార్లు చెప్పేవాడు. మీ పిల్లలూ తింటారు, ఎవరి పిల్లలైనా తింటారు అనేవాడు. అంత ఓర్పు నాకు లేదు. ఆయన్ని చూసి కొంచెం కొంచెం తెచ్చుకున్నాను.

ఇక ఆ రోజుకి వస్తాను. నేను వెళ్ళేసరికి ఇల్లు జనంతో నిండి ఉంది. పేరాల నుంచి పిన్ని చెల్లెళ్ళు వచ్చారు. బాబాయిని చూశాను. ఎప్పుడూ పేపరు పొట్లం విప్పుతూ ఉండే చేతులు కనపడకుండా తెల్లగుడ్డ కప్పి ఉంది. ఏడ్చాను. ఏడుస్తూనే వాకిట్లో కొళాయి దగ్గర ఎవరో ఆడవాళ్ళు గిన్నెలు తోముతున్న చప్పుడు విన్నాను. లేచి వెళ్ళి ఆ గిన్నెల గుట్టలో ఎర్రచుక్క కోసం వెతికాను. ఆయన అక్కడ పడుకుని ఉండగా నేను గిన్నెలు వెతుకుతున్నాను. ఛీ అనిపించింది. అయినా వెతికాను. చుక్క కనపడలేదు. ఎవర్నీ అడగలేకపోయాను.

మధ్యాహ్నం నమాజయ్యాక మగవాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళారు. ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయినట్టయింది. నేను మూలన కూర్చుని ఉంటే పిన్ని చేత్తో పిలిచింది. బీరువా తెరవమంది. అందులో ఆవిడ చీరల మధ్య, తువ్వాల్లో చుట్టి, డబ్బా ఉంది.

"రాత్రి పడుకోబోతూ చెప్పారమ్మా. పొద్దున్నే ఆ అమ్మాయొస్తది, డబ్బా ఎవరూ ముట్టుకోకుండా చూడు అన్నారు. పొద్దున వీళ్ళంతా వచ్చేసరికి నాకు భయమేసి ఇక్కడ దాచా."

మనిషి పోయిన గంటలో, అంత దుఃఖంలో, ఆవిడ లేచి నా ఆకుని దాచింది. నేనా డబ్బా పట్టుకుని చాలాసేపు తెరవలేకపోయాను. పక్కన కూర్చుంటానన్న మనిషి లేడు. పిన్ని కొంచెం జరిగి నా పక్కన కూర్చుంది. మూత తీశాను. గుడ్డ ఇంకా తడిగానే ఉంది. బోర్లా ఉన్న ఆకు మీద, ఈనెల గట్ల మధ్య, పలకలు పలకలుగా బూడిదరంగు నూగు లేచి ఉంది. కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూస్తే కాస్త ఊదా రంగు. తిప్పి చూశాను. నూగు ఎక్కడుందో సరిగ్గా దాని పైనే పసుపు. ఎక్కడా పిండి లేదు.

ఏంటమ్మా అది అని పిన్ని అడిగింది. బూజు తెగులు పిన్నీ అన్నాను. నా నోటితో నేను తెగులు పేరు చెప్పడం అదే మొదలు. చీటీ డబ్బా కిందే ఉంది. మా చేను పేరు, నాలుగో వరస, కింది ఆకు, తడి పెట్టిన పూట, అన్నీ ఆయన రాతలో ఉన్నాయి. చివరి గీత దగ్గర ఖాళీ. పిన్ని కళ్ళద్దాల పెట్టెలోంచి ఆయన పెన్ను తీసి ఇచ్చింది. ఆ ఖాళీలో నేను రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి.

మా చేను సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మీరు దాని కోసం ఎదురుచూడకుండా. మర్నాటి నుంచి ఆయన చెప్పిన వరసలోనే అన్నీ చేశాం. కింది ఆకులు తీశాం, తడి పొద్దుటికి మార్చాం, బూజుకి పనిచేసే మందు ఎండ తగ్గాక ఆకుల అడుగున పడేలా కొట్టించి, చెప్పినన్ని రోజులు ఆగాం. నాలుగో వరస, ఐదో వరస పోయాయి. మిగతా చేను నిలబడింది. మొదటి కాయ పిన్నికి తీసుకెళ్ళాను. తియ్యగా ఉందంది. ఆయన ఉంటే గింజలు ఎండబెట్టమనేవారు అని కూడా అంది.

బాబాయి పోయిన రోజు సాయంత్రం జరిగింది ఇంకొక్కటి ఉంది. నేను ఇంటికి బయలుదేరుతుంటే గేటు దగ్గర ఒకతను నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి, కాళ్ళకి ఇసుక. వాకిట్లో అన్ని చెప్పులు, కుర్చీలు చూసి సంగతి అర్థమైనట్టుంది, లోపలికి రాలేదు. చేతిలో పేపరు పొట్లాన్ని మెల్లగా వెనక్కి దాచుకున్నాడు. ఆ దాచుకోవడం చూస్తే నాకు నేనే కనిపించాను. ఏదో గొణిగి అతను వెనక్కి తిరుగుతుంటే, లోపల కిటికీ దగ్గర నుంచి పిన్ని గొంతు వినపడింది.

"అతన్ని ఆపమ్మా. ఆ పేపర్లో ఆకు వాడిపోద్ది."

నేను అతన్ని కూర్చోబెట్టి పొట్లం తీసుకున్నాను. కీరా దోస ఆకు. నా ఆకు తీసేసి, డబ్బా నేనే కడిగాను. గుడ్డ ఉతికి, పిండి, పరిచి, అతని ఆకుని బోర్లా పెట్టాను. ఎవరి చేను, ఏ వరస, తడి ఎప్పుడు పెట్టారు అని అడిగి చీటీ రాశాను. చివర 'తెగులు' అని రాసి ఖాళీ వదిలాను. ఏం తెగులంటారండి అని అతను నన్ను అడిగాడు. నాకు కొంచెం తెలుస్తున్నట్టే ఉంది. అయినా మూత పెట్టేసి, డబ్బాని కిటికీ గూట్లో ఎర్రచుక్క పిన్నికి కనపడేలా ఉంచాను.

"రేపు పొద్దున రండి. డబ్బా మీరే తెరుద్దురుగాని, నేను పక్కన కూర్చుంటాను" అన్నాను.